నాన్న పంపిన ఫ్యూజులు

భవానీపురం,
ఉగాది వెళ్ళిన వారం.

నాన్నా,

నువ్వు ఇల్లు చేరావని పక్కింటి శౌరమ్మత్త ఫోన్ చేసి చెప్పింది. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి నడిచి వెళ్ళావట. ఆటో ఎక్కమని చెప్పాను కదా. గునపం సంచి అడుగున పెట్టాను. పైన పచ్చడి సీసా ఉంది, పగల్లేదు కదా?

నువ్వు తవ్విన ఎర్తు గుంత బాగుంది. ఉప్పూ బొగ్గూ వేసి మూసిన చోట మట్టి కుదురుకుంది. అత్తయ్య దాని చుట్టూ ముగ్గు కూడా వేసింది. తులసికోట అనుకుందో ఏమో.

మీ అల్లుడుగారు నిన్నొక సంగతి అడగమన్నారు. నీకు ఫోన్లో వినపడే పనైతే అప్పుడే అడిగేదాన్ని. కొత్త యాంప్లిఫయర్‌కి కరెంటు ఎలా ఇవ్వాలని ఇంట్లో పెద్ద పంచాయితీ నడుస్తోంది. ఆయన స్నేహితుడు కిరీటి గారు ఇంట్లో ఉన్న ఇన్వర్టరుకే కలిపేయమంటున్నారు. కొన్న షాపువాడు స్టెబిలైజరు పెట్టమంటున్నాడు. పై వాటా ఆయన కంప్యూటర్లకి పెట్టే యూపీఎస్ మేలంటున్నారు. మీ అల్లుడుగారు టైల్స్ షాపు మూసి ఇంటికి రాగానే ఆ పెట్టె ముందే కూర్చుంటారు. అన్నం కూడా అక్కడికే.

ఏది పెడితే ఆ పెట్టె నిలబడుతుందో రాయి. ఏమేం చేస్తే పాడవుతుందో కూడా రాయి. తెలిస్తే చెయ్యకుండా జాగ్రత్తపడతాం. ఒక్కొక్కటీ విడిగా రాయి. ఒక్కసారే పోతుందా, మెల్లగా పోతుందా, పోతే ఎవరివల్ల పోయిందో తెలుస్తుందా, అవి కూడా.

ఇక్కడ అంతా బాగానే ఉంది.

నీ రత్నం

*

కంకిపాడు,
శనివారం.

చిట్టితల్లీ,

పచ్చడి సీసా క్షేమం. నేనూ క్షేమమే.

నీ ఉత్తరం చూసి కాలరెగరేశాను. నా బసవయ్య మైక్ సెట్ మూసేసి ఇన్నేళ్ళయినా ఇంకా ఒకరు నన్ను యాంప్లిఫయర్ గురించి అడిగారు. ఇక ఆగను, ఓపిగ్గా చదువు.

యాంప్లిఫయర్ కొత్త అల్లుడి లాంటిది. వేళకి పెట్టాలి, పద్ధతిగా పెట్టాలి. ఎక్కువ పెడితే కాలుతుంది, తక్కువ పెడితే అలుగుతుంది. ఇన్వర్టరుకి కలపొద్దని చెప్పు. మీ ఇంట్లో ఉన్న రకం ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోతుంది. దానికి ఈ పెట్టె తగిలిస్తే పాట వెనక తేనెటీగలు జుమ్మంటాయి, పెట్టె వేడెక్కుతుంది. యూపీఎస్ కంప్యూటర్ల వాళ్ళ గొడవ. కరెంటు పోతే పాట ఆగాలి. పాట ఆగితే ఎవరూ చచ్చిపోరు. మీటరు దగ్గర్నుంచి పెట్టెకి వేరే లైను లాగించండి. ఫ్రిజ్జూ నీళ్ళ మోటారూ ఆ లైను మీద ఉండకూడదు. ఆ లైనుకో మంచి స్టెబిలైజరు. మీ వీధిలో వేసవిలో కరెంటు ఉయ్యాల ఊగుతుంది కాబట్టి అది తప్పదు.

ఇక పాడయ్యే సంగతులు. పెట్టె వెనక గాజు ఫ్యూజు ఉంటుంది. అది పోవడానికే పుట్టింది. అది పోతే పెట్టె బతుకుతుంది. మనవాళ్ళు అది పోగానే దాని మీద రాగితీగ చుట్టేస్తారు. అప్పుడు ఫ్యూజు బతుకుతుంది, పెట్టె పోతుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఆన్ చెయ్యకూడదు. వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి లేస్తాయి, కరెంటు ఎగిరి పడుతుంది. అది కుదురుకునేదాకా కూర్చుని ఒక కాఫీ తాగాలి. పెట్టె మీద గుడ్డ కప్పకూడదు, దానికి ఊపిరాడాలి.

ఎర్తు గుంతకి రోజూ ఒక బిందె నీళ్ళు పొయ్యి. తడి ఉన్నంతకాలమే అది ఎర్తు. ఎండిపోతే వట్టి ఇనపకడ్డీ. ఆ పని నీదే, ఇంకెవరికీ గుర్తుండదు.

ఎలా కాపాడాలని ఒక్క ముక్క అడిగావు. ఎలా చస్తుందని మాత్రం పేరా నిండా అడిగావు. నేను చెవిటివాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాదు తల్లీ. అయినా అడగను. ఆ రోజు దాని పెద్ద స్పీకరు మీద చెయ్యి పెట్టి చూశాను కదా. బాగానే పలికింది.

మీ నాన్న

*

భవానీపురం,
ఏప్రిల్ చివర.

నాన్నా,

వేరే లైను లాగించారు. స్టెబిలైజరు పెట్టించారు. అయితే నువ్వు చెప్పావని కాదు. నీ మాటలు నేను చెబితే ఊరుకున్నారు. రెండు రోజులాగి ఎలక్ట్రీషియన్ వచ్చి అవే చెబితే "అదీ సంగతి" అన్నారు.

నేను మాత్రం నువ్వు చెప్పినదాంట్లో ఒకటి చేయడం మానేశాను. గుంతకి నీళ్ళు పొయ్యడం. ఆ బిందె మల్లెపాదుకి పోస్తున్నాను. మొగ్గలు విరగబూస్తున్నాయి. గుంత మీద మట్టి నెర్రెలిచ్చింది.

పోయిన ఆదివారం స్నేహితులందరూ వచ్చారు. ఆయన సౌండు పెంచే మీట పట్టుకున్నారు. పట్టుకోగానే చెయ్యి ఎగరేసి వెనక్కి దూకారు.

"ఏంటి బావా, తేలు కుట్టిందా?" అన్నారు కిరీటి గారు.

"తేలు లేదు, గీలు లేదు. ఖరీదైన మాల్ రా. పవర్ అలా ఉంటుంది దీంట్లో."

"పవర్ పెట్టెలో ఉండాలి గానీ పైకి వస్తోందేంట్రా?"

మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జుమ్మంది. చివరికి జేబురుమాలు చేతికి చుట్టుకుని తిప్పారు. పొయ్యి మీద గిన్నె దించేవాడిలా ఉన్నావని అందరూ ఒకటే నవ్వు. ఆ నవ్వు నాకు వంటింట్లోకి వినపడింది. కొంగు నోట్లో కుక్కుకుని నేనూ నవ్వాను. ఈ ఇంటికి వచ్చాక అంత హాయిగా ఎప్పుడూ నవ్వలేదు.

గుంతకి ఇంక నీళ్ళు పొయ్యను. ఎందుకని అడగొద్దు. అడగనని నువ్వే రాశావు.

రత్నం

*

కంకిపాడు,
ఉత్తరం అందిన రోజే.

రత్నం,

ఇది చదవడం ఆపి ముందు గుంతకి రెండు బిందెలు పోసి రా.

పోశావా? ఇప్పుడు చదువు.

ఎర్తు పెట్టె కోసం కాదే, మనుషుల కోసం. ఆ గుంతకే మీ ఫ్రిజ్జు, గ్రైండరు, నీళ్ళ మోటారు, అన్నీ కలిపాను. లోపల ఎక్కడైనా తీగ తెగి ఇనుముకి తగిలితే, ఆ కరెంటు భూమిలోకి పోవడానికి దారి అదొక్కటే. దారి మూసేస్తే తడిచేత్తో ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. మీ అత్తగారు కావచ్చు, నువ్వే కావచ్చు. ఒక జాతరలో వాన పడ్డాక ఒకాయన మైకు పట్టుకుని తూలి పడిపోవడం నా కళ్ళతో చూశాను. బతికాడు. నాకు మాత్రం వారం రోజులు ముద్ద దిగలేదు.

పగ తీర్చుకోవద్దని నేను అనను. మన ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. కానీ ఎవరికి తగలాలో వాళ్ళకే తగలాలి. పక్కవాడికి తగిలితే అది పగ కాదు, పొగరు.

నేను ఎలా తీర్చుకున్నానో చెబుతాను. అప్పుడు నాకు చెవులున్నాయి. కూచిపూడి పక్క ఊళ్ళో ఒక పెద్దమనిషి, నిండు సభలో, నన్ను "ఒరే మైకూ" అని పిలిచాడు. పేరు తెలిసి కూడా. జనం నవ్వారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన ఉపన్యాసం ముగించి కూర్చున్నాక ఆయన ముందున్న మైకు ఆపాలి కదా. ఆపలేదు. అంతే నేను చేసింది. పక్కవాడితో ముఖ్య అతిథి బట్టతల గురించీ, ఆ ఊరి ఆడవాళ్ళ గురించీ ఏమన్నాడో చెరువు అవతలి ఊరిదాకా వినపడింది. నేను ఒక్క తీగ తెంపలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయనకున్నదాన్ని ఆయనకే పెద్దది చేసి చూపించాను.

ఇప్పుడు అడుగుతున్నాను. మీ ఆయన ఏం చేశాడు? మొత్తం రాయి. దాచితే బస్సెక్కి వస్తాను.

నాన్న

*

భవానీపురం,
మే నెల.

నాన్నా,

నీ ఉత్తరం రాకముందే నీళ్ళు పోసేశాను. అత్తయ్య చేతులు కడుక్కుని వచ్చి ఫ్రిజ్జు తలుపు పట్టుకుని "జుమ్మంటోందేవే దీనమ్మ కడుపు మాడ!" అని అరిచింది. ఒక్క పరుగున వెళ్ళి బిందె మీద బిందె కుమ్మరించాను. ఆవిడ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అన్లేదు. ఇంకెప్పుడూ ఆ పని చెయ్యను.

మీ అల్లుడుగారు నిన్ను అడగమన్నారని మొదటి ఉత్తరంలో రాశాను కదా. ఆయన అడగలేదు. నేనే అడిగాను. ఆ పెట్టెని చంపాలనే అడిగాను.

ఏం జరిగిందో రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను, అందుకని ఒక్క బిగిన రాస్తాను.

నువ్వు గుంత తవ్వడానికి వచ్చిన ఆదివారం. పొద్దుటి నుంచీ ఎండలో తవ్వి, కాళ్ళు కడుక్కుని నువ్వు వెనక వరండాలో అన్నానికి కూర్చున్నావు. నీకు రాసి చూపించే పలక దగ్గర్లో లేదు. చిన్నప్పుడు అమ్మ పోయాక, నీ చెవులు పూర్తిగా పోయాక, పలక అందనప్పుడు మాట్లాడుకున్నట్టే నీ అరచెయ్యి నా గొంతు మీద పెట్టుకున్నాను. మాట సాగదీసి, బొంగురుగా, నీ చేతికి అదిరేట్టు "నా...న్నా, అన్నం... కలు...పనా" అన్నాను. "నొప్పి... ఉందా" అన్నాను. ఇంకా ఏవేవో. నేను బయటివాళ్ళతో మాట్లాడలేను, నీకు తెలుసు. నోరు తెరిస్తే నాలుక మడతపడుతుంది. నీతో మాత్రం ఆ గొంతుతో గంటలు మాట్లాడతాను. అది నీదీ నాదీ.

ఆయన తలుపు వెనక నిలబడి దాన్ని ఫోన్లో పట్టారు.

సాయంత్రం స్నేహితులు వచ్చారు. నిన్ను కూడా హాల్లో కూర్చోబెట్టారు. "మా ఇంట్లో కొత్త సింగర్ ఉంది" అని చెప్పి, ఆ ముక్కని పెట్టెలో వేశారు. ఇల్లంతా నా గొంతు. నేను చేతిలో కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయాను. ఒకాయన "దున్నపోతు ఈనుతోందేంట్రా" అన్నాడు. కిరీటి గారు కూడా నవ్వారు. ఈయన "అది మా మామగారి భాష, డిక్షనరీ దొరకదు" అన్నారు.

నువ్వు వాళ్ళందర్నీ చూసి నవ్వావు నాన్నా. ఏదో హాస్యం వేశారనుకున్నావు. లేచి వెళ్ళి స్పీకరు మీద చెయ్యి పెట్టి, "బాగుంది అల్లుడుగారూ, మంచి పెట్టె" అన్నావు. వాళ్ళు పడీపడీ నవ్వారు. నువ్వు ఇంకా నవ్వావు.

నన్ను చూసి నవ్వినందుకు కాదు. నీ చేతులకి బొబ్బలెక్కి ఉన్నాయి, ఆ పెట్టె కోసమే తవ్వి. ఆ చేతులతోనే దాన్ని మెచ్చుకున్నావు.

ఈ నెలాఖరుకి మా పెళ్ళిరోజు. చుట్టాలందర్నీ పిలుస్తున్నారు. ఆ ముక్క మళ్ళీ వేస్తారట, నిన్ను పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టి. ఫోన్లో ఎవరికీ పంపలేదు. పెద్ద స్పీకర్ల మీద వింటేనే మజా అంటారు. తీసెయ్యమని ఒక్కసారి అడిగాను. "జోకు కూడా తెలీదా సుబ్బరత్నం గారికి" అన్నారు.

మొన్న కరెంటు ఎగిరిపడి పెట్టె ఫ్యూజు కాలింది. రాగితీగ చుట్టి నడిపిస్తున్నారు.

నువ్వు రావద్దు. జ్వరమని కబురు పంపించు. ముందు రోజు నేను ఆ పెట్టెలో చెంబెడు నీళ్ళు పోసేస్తాను. ఏమైనా కానీ.

రత్నం

*

కంకిపాడు.

తల్లీ,

నీళ్ళు పొయ్యకు. పోస్తే నువ్వు పిచ్చిదానివవుతావు, వాడు పాపమవుతాడు. చుట్టాలంతా వాడి వైపే ఉంటారు.

ఇంకో సంగతి. నాకు తెలుసు.

స్పీకరు మీద చెయ్యి పెట్టింది మామూలుగానే. మైకులవాడి చెయ్యి ఊరుకోదు. పెట్టగానే నీ గొంతు తగిలింది. "నాన్నా, అన్నం కలుపనా." నా అరచేతికి తెలియని మాటా అది? పదిహేనేళ్ళుగా ఈ చేత్తో విన్న మాట. వెనక్కి తిరిగి చూశాను. అందరి పళ్ళూ కనిపించాయి. గుమ్మంలో నీ మొహం కనిపించింది. నేను తెలిసినట్టు కనపడితే నువ్వు అక్కడే కుప్పకూలిపోతావు. అందుకని నవ్వాను. మంచి పెట్టె అన్నాను. బస్సులో కంకిపాడు దాకా ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అది నాది కాదన్నట్టు.

నీకు తెలియకూడదని నేను దాచాను. నాకు తెలియకూడదని నువ్వు దాచావు. మధ్యలో వాడు సుఖంగా ఉన్నాడు. ఇక చాలు.

నేను వస్తాను. ముందు వరసలోనే కూర్చుంటాను.

మన ఊరి జక్కయ్య విజయవాడ వస్తుంటే ఈ ఉత్తరంతో పాటు ఒక అగ్గిపెట్టె ఇచ్చి పంపుతున్నాను. దూదిలో గాజు ఫ్యూజులు ఉన్నాయి. ఆ పెట్టెకి సరిగ్గా సరిపోయేవి. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. వాడికి నిజమైన సలహా ఇవ్వు. ఒంటరిగా కాదు, నలుగురిలో. గొణగొద్దు, అందరికీ వినపడేట్టు చెప్పు. తీగ తీసెయ్యమను, ఈ ఫ్యూజు వెయ్యమను. కరెంటు పోయి వస్తే ఆగమను. మా నాన్న చెప్పాడని కూడా చెప్పు.

వాడికి అది తెలియని సంగతి కాదు. ఎలక్ట్రీషియన్ చెబితే వింటాడు, కిరీటి చెబితే వింటాడు. నువ్వు చెబితే, అందులోనూ నలుగురిలో చెబితే, చచ్చినా వినడు. వాడి పెట్టెని వాడి చేత్తోనే పోగొట్టుకోనీ. నువ్వు మాత్రం కాపాడమని చెప్పిన మనిషివిగా నిలబడు.

ఒకవేళ వింటే? వింటే నీ మాట నెగ్గినట్టు. ఆ ముక్క మళ్ళీ వేస్తే నేను లేచి నిలబడి అందరిలో చెబుతాను, అది నా కూతురు నాకు అన్నం పెడుతున్న గొంతు అని. అప్పుడెవడు నవ్వుతాడో చూస్తాను.

గొంతు పెంచడం అలవాటు లేదు నీకు. పెరట్లో గుంతకి నీళ్ళు పోస్తూ దానికి చెప్పుకో, రోజూ.

నాన్న

*

భవానీపురం,
పెళ్ళిరోజు మర్నాడు.

నాన్నా,

నువ్వు ముందు వరసలో కూర్చుని అన్నీ చూశావు. నీకు వినపడనివి రాస్తున్నాను.

అందరూ వచ్చి కూర్చున్నాక నేను అగ్గిపెట్టె తీసుకుని హాల్లోకి వెళ్ళాను, నువ్వు చూశావు. నీ వైపు చూస్తే ఏడుపొస్తుందని చూడలేదు. "ఏవండీ," అన్నాను. అందరూ ఆగిపోయారు. నా గొంతు అంత పైకి లేవడం ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. "పెట్టె వెనక తీగ తీసేసి ఇది వెయ్యండి. మా నాన్న పంపారు. తీగ ఉంటే పెట్టె కాలిపోతుందన్నారు."

"ఓహో," అన్నారాయన. "చీఫ్ ఇంజనీరు గారు పంపారా?"

కిరీటి గారు అగ్గిపెట్టె తెరిచి చూశారు. "కరెక్టు ఫ్యూజే బావా. వేసెయ్యరాదూ, నిమిషం పని."

"ఆయన చెవులకే ఫ్యూజు లేదు, మనకి పంపాడంట. అక్కడ పెట్టు సుబ్బూ. దేవుడి దగ్గర పెట్టి పూజ చేసుకుందువు గానీ."

వాళ్ళ పెద్దమ్మ గారు నవ్వింది. ఇంకొందరు నవ్వారు. నేను అగ్గిపెట్టె పెట్టె మీదే పెట్టి పక్కన నిలబడ్డాను. నిజం చెప్పనా? కిరీటి గారు అలా అన్నప్పుడు మీ అల్లుడుగారు నా మాట వింటారేమోనని మొదటిసారి భయపడ్డాను.

నాలుగు పాటలు బాగానే వచ్చాయి. తర్వాత కరెంటు పోయింది. అందరూ విసురుకున్నారు. కరెంటు వచ్చింది. లైట్లు వెలిగి, తగ్గి, మళ్ళీ భగ్గుమన్నాయి. అది నువ్వూ చూసే ఉంటావు. నేను ఇంకా గట్టిగా చెప్పాను: "ఇప్పుడే వెయ్యకండి. కుదురుకోనివ్వండి. కాఫీలు తెస్తాను, తాగాక వేద్దురు గానీ."

"ఆగరా, అమ్మాయి చెబుతోంది కదా," అంది అత్తయ్య.

"నీకు తెలీదమ్మా, నువ్వూరుకో. ఇంట్లో అందరూ ఎలక్ట్రీషియన్లే అయిపోయారు." తర్వాత అందరి వైపు తిరిగి, "ఇప్పుడొక స్పెషల్ ఐటెం. మా ఆవిడా, మా మామగారూ పాడిన యుగళగీతం!" అన్నారు. నీ వైపు చెయ్యి చూపించారు. నువ్వు చేతులెత్తి నమస్కారం పెట్టావు.

ఫోన్లో నొక్కారు. సౌండు మీట చివరిదాకా తిప్పారు. "నా..." అని వచ్చింది. అంతే. సగం పిలుపు. లోపల ఢప్పుమంది. పొగ ఎలా లేచిందో నువ్వు చూశావు. కాలిన వాసన ఇంకా కర్టెన్లకి ఉంది.

"మెయిన్ ఆపండ్రా!" అని అత్తయ్య అరిచింది. కిరీటి గారు పరిగెత్తి ఆపారు. తలుపులు తెరిచాక ఆ కాస్త వెలుతురులో ఆయన పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. అగ్గిపెట్టె దాని మీదే ఉంది.

"చెల్లెమ్మ చెప్పింది కదరా," అన్నారు కిరీటి గారు. "రెండుసార్లు చెప్పింది."

"అందరం విన్నాం," అంది వాళ్ళ పెద్దమ్మ గారు. ఇందాక నవ్విందే, ఆవిడే.

అప్పుడే నేను నీ దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుని నీ అరచెయ్యి నా గొంతు మీద పెట్టుకున్నాను. చెవిలో చెప్పినట్టు కాదు. ఏ గొంతుని ఆయన అందరికీ వినిపించాలనుకున్నారో ఆ గొంతుతోనే, హాలంతా వినపడేట్టు, "పో...యిం...ది నా...న్నా" అన్నాను. ఇల్లు మొత్తం విన్నది నాన్నా. ఒక్కరు నవ్వలేదు.

నువ్వు నవ్వావు. తల వెనక్కి వేసి నవ్వావు. నువ్వు ఎందుకు నవ్వుతున్నావో అక్కడ ఎవరికీ తెలియలేదు. "పాపం, పెద్దాయనకి ఏం జరిగిందో అర్థం కాలేదు" అన్నారెవరో. ఆ మాట నీకు రాయాలని, నువ్వు బస్సెక్కి వెళ్ళాక రాత్రంతా ఎదురుచూశాను.

ఆయన పొద్దున్నే షాపువాళ్ళకి ఫోన్ చేశారు. తీగ చుట్టిన పెట్టెని వాళ్ళు ముట్టుకోరట, కంపెనీకి పంపితే వచ్చేది ఎప్పుడో చెప్పలేరట. "మీ మామగారికి పంపరా, ఇంకెవరున్నారు నీకు" అంది అత్తయ్య. మధ్యాహ్నం దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కించారు. ఈ ఉత్తరం కంటే ముందే నీకు చేరుతుంది.

రత్నం

*

కంకిపాడు.

చిట్టితల్లీ,

పెట్టె వచ్చింది. దుప్పటి మంచిది, శౌరమ్మకిచ్చాను.

విప్పి చూశాను. లోపల రెండు పార్టులు కాలాయి. అలాంటివి నా డబ్బాలోనే ఉన్నాయి. ఒక్క పూట పని. పెట్టె నిజంగానే మంచిది. దాని తప్పేమీ లేదు.

ఫ్యూజుకి చుట్టిన రాగితీగ తీసి ఈ కవర్లో పెడుతున్నాను. చెక్కు చెదరలేదు చూడు. దాచుకో.

నీ మొగుడికి ఇది చెప్పు. బసవయ్య పెట్టె ముట్టుకోవాలంటే, ఆ ముక్క ఫోన్లోంచి నీ ఎదురుగా తీసెయ్యాలి. తీసేశాడని నువ్వు ఉత్తరం రాయాలి. వాడు ఫోన్ చేస్తే లాభం లేదు, నాకు వినపడదు. మనుషుల్ని పంపినా లాభం లేదు. నీ దస్తూరీ వస్తేనే పని మొదలుపెడతాను.

నాకేం తొందర లేదు. కాలవకి నీళ్ళొదిలేదాకా ఇక్కడ పనులేవీ లేవు, కాబట్టి ఖాళీగానే ఉన్నాను. ఖాళీగా ఉండి కూడా చెయ్యకపోవడం ఎంత బాగుంటుందో ఇప్పుడే తెలిసింది.

నాన్న

*

భవానీపురం,
తొలకరి పడిన రోజు.

నాన్నా,

తీసేశారు. నా ఎదురుగా, అత్తయ్య ఎదురుగా. నిన్న పొద్దున "రాయి" అన్నారు. రాయలేదు. సాయంత్రం "రాస్తావా" అన్నారు. కూర వండుకుంటున్నానన్నాను. ఇందాక వంటింటి గుమ్మంలో నిలబడి, "రత్నం, మీ నాన్నగారికి ఒక ముక్క రాసిపెట్టవా" అన్నారు. ఈ ఇంట్లో నా పేరు ఆయన నోట నవ్వు లేకుండా రావడం ఇదే మొదలు.

రాస్తానన్నాను. రాశాను. పోస్టు డబ్బాలో నేనే వేస్తానని ఆయన కళ్ళ ముందే కవరు అంటించి బయల్దేరుతున్నాను.

వాన పడింది కాబట్టి గుంతకి ఇవాళ నీళ్ళు అక్కర్లేదు.

ఈ ఉత్తరం నీకింకా అందలేదనుకో.

రత్నం